ఒడిలో ఫ్లాస్కు

నాయిన నిద్రపోయాడని హెప్సిబాకు ఆయన చేయే చెప్పింది. వనపర్తి బస్టాండులో ఎక్కినప్పటి నుంచి ఆమె మోచేతికి ఆనుకుని ఆగకుండా ఆడుతున్న కుడిచేయి, ఊరు దాటి బస్సు ఒక తీరుకు వచ్చేసరికి, కుండలో నీళ్లు తేరుకున్నట్టు మెల్లమెల్లగా నిలిచిపోయింది. పార్కిన్సన్స్ వణుకు నిద్రలోకి రాదు. నిద్రలో అది పాత చేయే. నల్లగా, వెడల్పుగా, పార కాడ ఒరిసి ఒరిసి గట్టిపడ్డ తోలుతో, పని ముగించుకుని వచ్చిన మనిషిలాగా ఊరికే పడి ఉంటుంది. ఆయన నిద్రపోతే ఆమెకు ఇష్టం, కాని ఆ మాట ఎవరితోనూ అనదు. తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పే మనిషి, మాటను తూచి వాడటం అలవాటు. నిద్రపోతే బాగుంటాడు అన్న వాక్యాన్ని గాలికి వదిలితే అది ఎక్కడ పోయి వాలుతుందో ఆమెకు తెలుసు.

ఒడిలో ఫ్లాస్కు ఉంది. పొద్దున నాగర్‌కర్నూల్ దవాఖానకు బయలుదేరేటప్పుడు నాయిన కోసం టీ పోసుకున్న స్టీలు ఫ్లాస్కే. ఆ టీని, తిరుగుదారిలో కలవడానికి వచ్చిన రాకేష్ వనపర్తి బస్టాండు వెనక కాలవలో పారబోసి, కడిగి, ఐసుముక్కలు నింపి, వాటి మధ్యన చిటికెన వేలంత గాజుబుడ్డిని ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టాడు. బుడ్డి అడుగున ఉందా లేదా అన్నట్టు ఇంత తెల్లపొడి. రాకేష్ ఆమె తమ్ముడు, జడ్చర్ల దిక్కు ఒక మందుల కంపెనీలో పని. ఎక్కడో పరిశోధన చేసేవాళ్లు అడిగితే ఆ కంపెనీ పెప్టైడ్లు తయారుచేసి పంపుతుంది. "ఏందిరా ఇది?" అంటే "నాయినకు" అన్నాడు. ఎలుకలకు జబ్బు తెప్పించి ఇది ఇచ్చారట, ఇచ్చిన ఎలుకలు సన్నకట్టె మీద పడకుండా నడిచాయట, ఇవ్వనివి పడ్డాయట. "ఎలుకలకు సరే, మనుషులకు?" అంది ఆమె. "మనుషులదాంక రావాలంటె పదేండ్లు వడ్తదక్కా. నాయినకాడ పదేండ్లు ఉన్నయా? అమ్మ పోయినంక ఎట్లయిండో జూసినవా? నువ్వు రోజు జూస్తవు, నీకు తెల్వదు. నేను ఎప్పుడో ఒకసారి జూస్త, నాకు కనవడ్తది." గద్వాలలో తమ వీధి చివర సూదులు వేసే కురుమూర్తికి ఫోను కూడా చేసేశాడు. బస్సు దిగి ఇల్లు చేరేసరికి కురుమూర్తి అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఏమీ అడగడు, వేసిపోతాడు. వేయించాలా వద్దా అన్నది మాత్రం ఆమె తేల్చుకోవాలి, ఈ బస్సులోనే, ఈ ఐసు కరిగేలోపు.

బుడ్డి మీద ఇంగ్లీషులో సన్న అక్షరాలు. పరిశోధనకు మాత్రమే, మనుషుల మీద వాడరాదు. ఆ వాక్యంలో ఎటూ పోయే సందు లేదు, మంచి వాక్యం. పెప్టైడు అంటే ఏమిటో ఆమె పిల్లలకు ఏటా చెబుతుంది. అమైనో ఆమ్లాలు పూసలు, గుచ్చితే దండ, పొడుగు దండ ప్రోటీను, పొట్టి దండ పెప్టైడు. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "మేడం, పూసలు తెగితే?" అంటారు, తక్కినవాళ్లు నవ్వుతారు. తెగిన పూసల సంగతి పాఠంలో లేదు. పాఠంలో లేనిది జబ్బు పేరు తెలిశాక ఒక్కొక్కటిగా చదువుకుంది. మెదడు అడుగున నల్లటి చారలాంటి చోటు ఉంటుంది, డోపమైన్ చేసే కణాలు అక్కడే ఉంటాయి, ఒక ప్రోటీను వాటిల్లో ఉండలు కట్టి వాటిని చంపుతుంది. పుస్తకంలోని బొమ్మలో రెండు మెదళ్లు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో చార నల్లరేగడి చేనులాగా నిగనిగలాడుతోంది, రెండోదాంట్లో వానకు కోసుకుపోయి చవుడు తేలినట్టు పాలిపోయింది. చేయి మొదటిసారి వణికేసరికే ఆ కణాల్లో సగానికి పైగా పోయి ఉంటాయని రాశారు. ఈ పెప్టైడు చేస్తుందని ఆశపడుతున్నది ఒక్కటే, మిగిలినవాటిని కాపాడటం. పోయినవాటిని తేవడం కాదు. అంటే ఇది వణికే చేతికి మందు కాదు, ఇంకా వణకని చేతికి మందు. అప్పుడెప్పుడో కావలసిన మందు. అప్పుడు అంటే ఎప్పుడు అని ఆమె మనసు వెనక్కి వెతుక్కుంటూ పోతుంది, పోయినప్పుడల్లా ఒకే చోట ఆగుతుంది, ఆగిన చోట ఇంత ఎండ, సొరపాదు, అమ్మ గొంతు.

ఆ రోజులకు ముందు నాయిన ఇంట్లో ఉండేవాడు కాదు. నాయిన మేస్త్రి, ఆయన పేరుతో మాసయ్య గుంపు అంటే మట్టిపనికి పేరు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా, లారీలో గంపలూ పారలూ పిల్లలూ కోళ్లూ కలిసి పోయేవాళ్లు. ఆమె చిన్నప్పుడు ఒక్కసారి మాత్రం పని ఇంటికి దగ్గరగా దొరికింది. జూరాల డ్యాం కడుతున్న ఏండ్లవి. కృష్ణ ఒడ్డున ఈతచాపల గుడిసె, పొద్దంతా మట్టి, మాపటికి నదిలో స్నానం, అమ్మ జమ్ములమ్మ గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్టకుదురుతో సహా నదిలోకి దిగి "నా చుట్ట వోయె, పట్టుండ్రి" అని అరిస్తే ఆడవాళ్లంతా నవ్వుతూ వెంటపడేవాళ్లు. తవ్విన గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేవారు. నెత్తిన గడ్డి కూడా అట్లాగే ఉండేది. దాన్ని సాక్షి అనేవారు. మట్టి ఎంత లోతు పోయిందో ఆ దిమ్మె ఎత్తు చెప్పాలి, దాన్ని కొలిచే కూలి కట్టేవారు. కొన్ని గుంపులు రాత్రికి రాత్రి దిమ్మె నెత్తిన ఇంకొంత మట్టి వేసి, పైన గడ్డిపెళ్ల అతికించి, ఎక్కువ తవ్వినట్టు చూపేవి. నాయిన గుంపు ఆ పని చేయలేదు. మంచితనమని కాదు, ఆయన చెప్పిన కారణం వేరు. "దిమ్మె అబద్ధమాడితె ఇగ ఎవల్ని అడుగుతవ్?" అనేవాడు. పిల్లలకు దిమ్మె ఎక్కడమంటే ఆట. ఎక్కి నిలబడితే కాళ్ల కింద పాత నేల ఉండేది, చుట్టూ పోయిన నేల ఉండేది. మెదడు బొమ్మ చూసినప్పుడు ఆమెకు ఆ దిమ్మెలే గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయి అంతే. పోలికను అంతకంటే ముందుకు తీసుకుపోకూడదని అక్కడే ఆపేసింది.

"ఆధార్ సూపియ్యమ్మా" అన్నాడు కండక్టర్. చూపింది. సున్నా టికెట్ చింపి ఇచ్చి, నాయినకు డబ్బుల టికెట్ కొట్టాడు. ముందుసీటులో ఆకుకూరల గంప పెట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగి, "మొగోళ్లకు పైసలు, మనకు ఫిరి. బతికినన్నొద్దులు మనం మోస్తిమి, ఇప్పుడు బస్సు మోస్తుంది" అని పెద్దగా నవ్వింది. "మోసేది బస్సు కాదవ్వా, నేను" అన్నాడు కండక్టర్. అమ్మ ఉంటే దీనికి ఇంకో మాట కలిపేది. నిరుటిదాకా దవాఖానకు ముగ్గురూ వచ్చేవాళ్లు. ముగ్గురు పట్టే సీటులో అమ్మ ఈ కొసన కూర్చుని, కాలు దారిలోకి చాపి, వచ్చేపోయేవాళ్లను అందరినీ పలకరించేది. చలికాలంలో ఒక పొద్దున, పొయ్యి ముందర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగింది. ఎసరు కాగుతూనే ఉంది. ఆ సంగతి గురించి హెప్సిబా ఇప్పటివరకు ఎవరికి చెప్పినా ఈ రెండు వాక్యాలే చెప్పింది, మూడోది దొరకలేదు. ఇప్పుడు కొసన ఖాళీ. ఎవరైనా వచ్చి కూర్చోబోతే ఆమె చేతిసంచి తీయడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది.

అలంపూర్‌ను వరద ముంచిన ఏడు, ఇళ్లలో చేరిన ఒండ్రు ఎత్తిపోయడానికి పోయిన పనే నాయిన గుంపుతో చేసిన చివరి పని. ఆ తరువాత ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది, ఇగ చాలు నాయినా అంది, ఆయన పార తెచ్చి దూలం సందులో దోపాడు. ఎప్పుడో మానిన చర్చి ప్రార్థనలకు మళ్లీ పోవడం మొదలుపెట్టాడు, కల్లు మానేశాడు. అప్పుడు మొదలైంది ఆ మంచికాలం. జీవితంలో మొదటిసారి నాయిన సాయంత్రం ఇంట్లో ఉన్నాడు. వేరుశనగకాయలు ఒలుస్తూ వాకిట్లో కూర్చునేవాడు, దారిన పోయేవాళ్లకు గుప్పెడు పెట్టేవాడు. రాకేష్‌ను బడికి సైకిలు మీద దింపేవాడు. అమ్మ చేపల పులుసు వండితే, "కూరల వాసనే లేదు" అనేవాడు. "కల్లుకుండల దూరిన ముక్కు, నా కూర ఏడ ఆన్తది!" అని అమ్మ గరిటె చూపేది. నిద్రలో చేతులు విసిరేవాడు, కాళ్లు తన్నేవాడు, ఒకసారి అమ్మ గాజులు పగిలాయి. పొద్దున్నే ఆమె వీధిలోని ఆడవాళ్లకు కథలాగా చెప్పేది. "పొద్దంత జేసింది సాల్లేదని నిద్రల గూడ కూలికి పోతుండు మీ అన్న. తవ్వుడే తవ్వుడు. కూలి మాత్రం ఇంటికి దేడు." అందరూ నవ్వేవారు, నాయిన కూడా. వాసన పోవడం, నిద్రలో కలను కాళ్లూ చేతులతో ఆడటం, వణుకు కంటే ఏండ్ల ముందు వచ్చే గుర్తులని ఆమె తరువాత చదివింది. చదివి, పుస్తకం మూసి, చాలాసేపు వాకిట్లో నిలబడింది. అంటే వాళ్లంతా నవ్వుతున్నప్పుడు లోపల ఆ నల్లచార కోసుకుపోతూనే ఉంది. వెనక్కి కావాలని ఆమె అడగగలిగే ఏండ్లు ఏవైనా ఉంటే అవే. ఈ బుడ్డిలోది ఇవ్వవలసిన ఏండ్లూ అవే.

తరువాత చేయి వణికింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, కనబడని వత్తి ఒకటి చేస్తున్నట్టు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అందరికీ కారణం ముందే తెలుసు. కల్లు మానినవాడి చేతులు వణుకుతాయి. పాలమూరులో పుట్టినవాళ్లకు అది ఎవరూ నేర్పనక్కరలేదు, మత్తుమందు కలిపిన కల్లు తాగి తాగి ఉన్నపళంగా ఆపినవాళ్లు ఎట్లా వణుకుతారో ప్రతి వాడా చూసింది. కల్లు దుకాణం వాళ్లు, "ఒక్క సీసా తాగు మాసన్నా, చెయ్యి కుదురుతది" అన్నారు. ప్రార్థనకు వచ్చే దేవదాసు మామ, "సైతాను ఇడిసిపోతుండు బావా, పోయేటప్పుడు జర గుంజుతడు, ఓర్సుకో" అన్నాడు. కల్లువాళ్లకూ దేవుడివాళ్లకూ జన్మలో ఒక్క మాట మీద పొత్తు కుదిరింది, అది ఇదే. నాయిన ఓర్చుకున్నాడు. ఏండ్లు ఓర్చుకున్నాడు. వణుకు ఎంత పెరిగితే అంత గట్టిగా మానేస్తున్నట్టు లెక్క, ఆయన ముఖంలో ఒక రకమైన గర్వం కూడా ఉండేది. చూడలేక ఒకరోజు అమ్మే కొంగు కింద సీసా దాచుకుని తెచ్చింది. "మాటిచ్చిన జమ్ములూ, దేవునికి" అన్నాడు నాయిన. అమ్మ కాసేపు ఆయన ముఖమూ చేయీ చూసి, పోయి సీసా మొత్తం సొరపాదుకు పోసేసింది. ఆ ఏడు కాయలు విరగకాశాయి. "నిషాల ఉండి ఎన్ని కాసిందో సోయి లేదు దానికి" అని ఊరంతా పంచింది. కర్నూలులో డాక్టరు నాయినను అటూ ఇటూ నడిపించి, నడుస్తుంటే కుడిచేయి ఊగడం లేదని చూపించి, దీనికీ కల్లుకూ సంబంధం లేదమ్మా అన్న రోజు, తిరుగు బస్సులో అమ్మ దారిలోకి కాలు చాపలేదు. గద్వాల దగ్గరపడ్డాక, "అయితె సొర పాదుకు వోసింది దండుగ కాలే" అంది. నాయిన భుజాలు కదిలాయి. అప్పటికే ఆయన ముఖం నవ్వడం తగ్గించింది, ఈ జబ్బు ముఖాన్ని గట్టిపరుస్తుంది. నవ్వును భుజాల్లో చూడటం తల్లీకూతుళ్లిద్దరూ ఆరోజే నేర్చుకున్నారు.

ఆత్మకూరు వచ్చింది, పోయింది. ముసలామె గంపతో దిగింది. ఫ్లాస్కు అడుగు చల్లగా తొడలకు తగులుతోంది, మూత చుట్టూ చెమట పట్టింది. వేయించితే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. రక్తంలోకి పోయింది మెదడుదాకా చేరడమే కష్టమని ఆమె చదివింది. లేదా ఏదో అవుతుంది, జ్వరమో, ఊపిరి బిగవడమో, అప్పుడు ఏ దవాఖానకు పోయి ఏమని చెబుతుంది. లేదా పనిచేస్తుంది, పనిచేసిందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే తగ్గడం కాదు, ఇంకా పోకుండా ఉండటమే ఇది చేసే పని. పోనిదాన్ని ఎట్లా చూస్తారు? వేయించకపోతే? ఒకరోజు నాయిన గొంతులో ముద్ద దిగదు, ఒకరోజు ఆమె పేరు నాలుకకు రాదు, అప్పుడు రాకేష్ ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. ఆ చూపు ఇప్పుడే కనబడుతోంది. అమ్మ ఉంటే ఏమనేది? అమ్మ మాట ఊహించబోతే నోరు కదులుతుంది గాని మాట వినబడదు. మనుషులు పోయాక వాళ్లు అన్న మాటలే ఉంటాయి, అనబోయేవి ఉండవు. ఆమె ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడే మోచేతికి చప్పుడు లేని తట్టుడు తగిలింది. చేయి మళ్లీ మొదలైంది. నాయిన లేచాడు.

బస్సు జూరాల డ్యాం మీదికి ఎక్కింది. కిటికీలోంచి నీటి తుంపర, వెనకే వేపుడు చేపల కమ్మటి వాసన. గేట్లు ఎత్తిన వార్త విని బండ్లేసుకుని వచ్చిన జనం కటకటాల పొడుగునా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. బస్సు జరిగీ జరగనట్టు జరుగుతోంది.

"గేట్లు ఎత్తిండ్రా?" అన్నాడు నాయిన. గొంతు సన్నమైపోయింది ఈమధ్య, చెవి దగ్గర పెట్టాలి.

"ఎత్తిండ్రు నాయినా."

"ఎన్ని?"

"లెక్క వెట్టలే."

"టీచరమ్మవయ్యి లెక్కవెట్టకుంటె ఎట్ల?" అని, నీళ్ల వైపే చూస్తూ, "బుడ్డిల ఏమున్నది?" అన్నాడు.

ఆమె ఫ్లాస్కును దగ్గరకు లాక్కుంది. "నువ్వు ఇన్నవా?"

"చెవులకు ఒణుకు లేదు గద."

చెప్పింది. పిల్లలకు చెప్పినట్టు కాదు, గుంపు మేస్త్రికి పని చెప్పినట్టు చెప్పింది. మెదడులో నల్లటి కణాలుంటాయని, అవి చచ్చిపోతుంటే ఈ వణుకు వస్తుందని, మిగిలినవి చావకుండా ఇది ఆపుతుందేమోనని చూస్తున్నారని, పోయినవి మాత్రం తిరిగిరావని.

"జూస్తుండ్రు అంటె?"

"ఎలుకలల్ల."

"మంచిగున్నయా ఎలుకలు?"

"మంచిగ నడిసినయంట."

"ఇప్పుడేడున్నయి?"

ఉన్నాయని ఒక అబద్ధం, తెల్వదని ఇంకో అబద్ధం, రెండూ నోటి దాకా వచ్చాయి. "సంపుతరు నాయినా. ఎన్ని కణాలు మిగిలినయో తెలువాలంటె సంపి, మెదడు కోసి, లెక్కవెట్టాలె."

నాయిన ముఖం మారలేదు. భుజాలు కదిలాయి, ఇంకా కదిలాయి, సీటు కూడా కదిలింది. "అయితె కురుమూర్తిని సూదొక్కటే తేవద్దను. కత్తి గూడ తెమ్మను."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లు మండాయి, కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ ఇష్టం నాయినా. ఎయ్యమంటె ఎయిస్త, వద్దంటె లేదు."

ఆయన కట్ట పొడుగునా చూశాడు. ఆ కట్టలో ఏ మూల మట్టి తన గుంపు మోసిందో వెతుకుతున్నాడో, మాటలు కూడదీసుకుంటున్నాడో ఆమెకు తెలియలేదు. "రాకేష్‌కు ఫోను చెయ్యి" అన్నాడు. "వచ్చి తీస్కపోయి, ఏడికెల్లి తీసిండో ఆడ వెట్టమను. వాళ్లు కొలత తీస్తుండ్రు. కొలత సగంల ఉన్నప్పుడు ఎవడన్న దిమ్మె ఎత్కపోతడా? పోరనికి తెలివి లేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "అది నా అసుంటోనికి గాదు. ఒణుకు రాకముందు ఇయ్యాలె అట్లాంటిది. గంతేనా?"

గంటసేపు ఆమె ఎవరికీ వినబడకుండా తిప్పుకుంటూ వచ్చిన మాటను ఆయన ఇంత తేలికగా అనేశాడు. "గంతే నాయినా" అంది. సూది ఉండదు. ఇక నాయిన ఇట్లాగే, ఇంత ఇంతగా, తరిగిపోతాడు. తాను పక్కనే ఉండి చూడాలి. దానికి అలవాటు పడదామని కళ్లు మూసుకోబోయింది.

"నీ చెయ్యి సూపియ్యి" అన్నాడు నాయిన.

"ఏంది?"

"చెయ్యి. సాపు."

"నాకేం లేదు నాయినా."

"నాకు గూడ లేకుండె. నా నెత్తురే గద నీది. సాపు."

ఫ్లాస్కును ఖాళీ సీటులో పెట్టి ఆమె కుడిచేయి చాపింది. సుద్దపొడికి పొడిబారిన వేళ్లు, అమ్మ పెట్టుకున్న సన్నటి వెండి ఉంగరం. చేయి వణికింది. కిటికీ అద్దం వణికింది, సీటు వణికింది, బస్సులో మనుషులంతా వణికారు. "బస్సు ఊగుతుంటె ఏం తెలుస్తది నాయినా?" అంది. "ఆగనియ్యి" అన్నాడాయన. డ్యాం దిగి రేవులపల్లి దగ్గర బస్సు ఆగింది. ఎదురుగా వచ్చే బండ్లతో దారి లేదని డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమై నీళ్ల హోరు మాత్రం మిగిలింది. ఆమె చేయి ఇంకా ఆడుతోంది. భయంగా చూసుకుంది. కింద నుంచి నాయిన అరచేయి దాన్ని ఎత్తి పట్టుకుని ఉంది.

"నువ్వు వట్టుకుంటె ఎట్ల తెలుస్తది? ఇడువు."

నాయిన విడిచిపెట్టాడు. చేయి గాలిలో ఒక్కటే నిలబడింది. ఇద్దరూ దాని వైపే చూస్తున్నారు.